చిట్టి ఇడ్లీకి సైన్సు బల్ల మీద చోటు

బడుల్లో జరిగే సైన్సు ప్రదర్శనలకు వెళ్ళినవాళ్ళు ఈ మధ్య ఒక కొత్త రకం వస్తువును చూసే ఉంటారు. అగ్గిపెట్టె అంత అరటాకు ఉంటుంది. దాని మీద చొక్కా గుండీ కన్నా చిన్నవైన ఇడ్లీలు నాలుగు, పక్కనే కందిగింజంత గారె, చింతగింజలో సగం కూడా లేని గిన్నెలో పచ్చడి. దూరం నుంచి చూస్తే నోరూరుతుంది. దగ్గరికి వెళ్తే అవి తినేవి కావని తెలుస్తుంది. పాలిమర్ క్లే అనే రంగుల ముద్దతో చేసిన బొమ్మలవి.

వీటిని తెచ్చిన పిల్లలను సాధారణంగా "చేతిపనులు" అని రాసి ఉన్న బల్ల దగ్గరికి పంపిస్తారు. ఒక ప్రదర్శనలో న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దాయన ఒకరు "ఇది ఆడపిల్లల వంటలాట, ఇందులో సైన్సు ఏముందమ్మా?" అనడం నేను పక్కన నిలబడి విన్నాను. అదే గదిలో బజారులో కొనుక్కొచ్చి తీగలు కలిపిన సౌరదీపం ఒకటి సైన్సు బల్ల మీద దర్జాగా వెలుగుతోంది. ఆ దీపం లోపల ఏముందో చెప్పమంటే తెచ్చిన అబ్బాయి నేల చూపులు చూశాడు.

చిట్టి ఇడ్లీని సైన్సు బల్ల మీదికి తేవాలన్నది నా అభిప్రాయం. అయితే తెచ్చినవాళ్ళు ఒక ప్రశ్నకు జవాబు చెప్పగలగాలి. "ఈ ముద్దలో ఏముంది? ఇది ఎందుకు గట్టిపడింది?" ఇది చెప్పలేకపోతే ఆ పెద్దాయన మాటే నిజమవుతుంది. పైగా ఈ ప్రశ్న అడగకుండా ఈ పని చేయడం మన ఇళ్ళలో ప్రమాదం కూడా. అది ఎలాగో ముందుకు చెబుతాను.

చిన్న వంటలు చేసి ఆడుకోవడం మనకు కొత్త కాదు. గుజ్జనగూళ్ళు అనే మాట మీ అమ్మమ్మలను అడిగితే చెబుతారు. పిల్లలు ఇసుకనూ ఆకులనూ బువ్వా కూరా అనుకుని వండుకునే ఆట అది. ఆ ఆటకు కావలసిన రోలు, తిరగలి, బిందె, చెంబు, పొయ్యి అన్నీ అరచేతిలో ఇమిడేంత చిన్నగా లక్కపిడతలుగా దొరికేవి. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో వాటిని ఇప్పటికీ చేస్తున్నారు. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు అంటుకుని, చల్లారగానే మెరుస్తూ గట్టిపడుతుంది. ఆ ఊళ్ళో చెట్ల ఆకులు, వేర్లు, గింజల నుంచి తీసే రంగులను మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మా నర్మెట్ట వైపు పల్లెల్లోనైతే సంక్రాంతి నోములకు కుమ్మరి చేసిన గురుగులు తెచ్చుకుంటారు. పిడికిలంత ఉండే ఆ కుండల్లో రేగుపండ్లు, చెరుకు ముక్కలు, నువ్వులు పోసి పంచుకుంటారు. పెద్ద వస్తువును చిన్నది చేసి చూసుకుని మురిసిపోవడం మనిషికి పాత అలవాటేనని దీన్ని బట్టి అర్థమవుతుంది.

ఇక పాలిమర్ క్లే సంగతికి వద్దాం. పేరులో "క్లే" ఉంది కాబట్టి ఇది మట్టి అనుకుంటే పొరపాటు. ఇది ప్లాస్టిక్కు. మీ పొలంలో నీళ్ళ పైపులు ఏ పదార్థంతో చేస్తారో ఆ పాలీవినైల్ క్లోరైడునే, అంటే పి.వి.సి.నే, మెత్తని పొడిగా చేసి, నూనెలాంటి ఒక ద్రవంలో కలుపుతారు. ఆ ద్రవాన్ని ప్లాస్టిసైజర్ అంటారు. దానికి రంగు, కొంచెం నింపుడు పొడి చేరిస్తే చపాతీ పిండిలాంటి ముద్ద తయారవుతుంది. దీని చరిత్ర కూడా బొమ్మలతోనే మొదలైంది. జర్మనీలో కేథే క్రూజె అనే ప్రసిద్ధ బొమ్మల తయారీదారు ఉండేది. ఆమె కూతురు ఫిఫీ ఇలాంటి ముద్ద ఒకటి తయారు చేసుకుంది. 1964లో దాన్ని ఎబర్‌హార్డ్ ఫాబర్ కంపెనీ కొనుక్కుని ఫిమో అనే పేరుతో అమ్మడం మొదలుపెట్టింది. ఆ పేరులోని "ఫి" ఆ అమ్మాయిదే.

ఈ ముద్ద గాలికి ఆరదు. నెలల తరబడి బయట ఉంచినా మెత్తగానే ఉంటుంది, ఎందుకంటే అందులో ఆరిపోవడానికి నీళ్ళు లేవు. 110 నుంచి 130 డిగ్రీల సెంటీగ్రేడు వేడి తగిలితేనే గట్టిపడుతుంది. అప్పుడు లోపల ఏం జరుగుతుంది? ఉప్మా వండటం గుర్తు తెచ్చుకోండి. రవ్వ గింజలు వేడికి నీటిని పీల్చుకుని ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుని, చల్లారాక గిన్నె ఆకారంలో ముద్దగా దిగుతాయి కదా? ఇక్కడ పి.వి.సి. గింజలు రవ్వ పాత్ర, ప్లాస్టిసైజర్ నీటి పాత్ర వహిస్తాయి. గింజలు ప్లాస్టిసైజరును పీల్చుకుని ఉబ్బి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఏకఖండం అవుతాయి. కొత్త పాలిమర్ ఏదీ పుట్టదు. నీరు బయటికి పోదు గనుక బొమ్మ పెద్దగా కుంచించుకుపోదు. కుమ్మరి ఆములో జరిగేది దీనికి పూర్తిగా వేరు. అక్కడ మట్టిలోని నీరు మొదట పోతుంది. 500 డిగ్రీలు దాటాక మట్టి ఖనిజంలో రసాయనికంగా కట్టుబడి ఉన్న నీరు కూడా పోతుంది. ఆ తరువాత ఆ కుండను ఎంత నానబెట్టినా మళ్ళీ మట్టి కాదు.

ప్రమాదం అన్న మాట దగ్గరికి ఇప్పుడు వద్దాం. ఈ ముద్ద పొట్లం మీద "ఓవెన్‌లో 110 డిగ్రీల వద్ద 30 నిమిషాలు" అన్నట్టుగా రాసి ఉంటుంది. మన పల్లెల్లో ఎన్ని ఇళ్ళలో ఓవెన్ ఉంది? లేనప్పుడు పిల్లలు ఏం చేస్తారు? పెనం మీద పెడతారు, ఇసుక పోసిన గిన్నెలో పెడతారు, కుక్కర్లో పెడతారు, ఇంకా తొందరపడితే కొవ్వొత్తి మంటకు చూపిస్తారు. ఇవన్నీ పిల్లలు చేశామని నాకు చెప్పినవే, కల్పించి రాయడం లేదు. గ్యాసు మంట మీద ఉత్త పెనం కొద్ది నిమిషాల్లోనే 200 డిగ్రీలు దాటిపోతుంది. ఆ వేడికి పి.వి.సి. తట్టుకోలేదు. ముందు రంగు గోధుమవర్ణానికి మారుతుంది, తరువాత ఘాటైన వాయువు వస్తుంది. అది హైడ్రోజన్ క్లోరైడు. తడి తగిలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం అవుతుంది. మన కళ్ళు, ముక్కు, గొంతు ఎప్పుడూ తడిగానే ఉంటాయి కదా.

అంత ఆమ్లం ఎక్కడి నుంచి వస్తుందంటారా? లెక్క వేయండి. పి.వి.సి. గొలుసులో ఒక్కొక్క పూసలో రెండు కార్బన్లు, మూడు హైడ్రోజన్లు, ఒక క్లోరిన్ ఉంటాయి. 24, 3, 35.5 కలిపితే 62.5. అందులో క్లోరిన్ వాటా 35.5. అంటే పి.వి.సి. బరువులో నూటికి దాదాపు 57 వంతులు క్లోరినే! పదో తరగతి పిల్లలు ఈ లెక్కను రెండు నిమిషాల్లో చేయగలరు. దీన్ని ఒక అట్ట మీద రాసి చిట్టి ఇడ్లీ పక్కన నిలబెట్టి చూడండి, "ఇందులో సైన్సు ఏముంది" అని ఎవరూ అనరు.

ఇంకొక మాట కూడా గమనించండి. బడి ప్రయోగశాలలో మనం వాడే మామూలు థర్మామీటరు 110 డిగ్రీల వరకే చూపిస్తుంది. ఈ ముద్దకు కావలసిన వేడి సరిగ్గా అక్కడి నుంచే మొదలవుతుంది. మనం కొలవలేని వేడిలో మనకు తెలియని ప్లాస్టిక్కును కాల్చడం నాకు సమ్మతం కాదు. వేడిని కచ్చితంగా నిలిపే ఓవెన్, అదీ వంటకు వాడనిది, గాలి బాగా ఆడే చోట, పెద్దవాళ్ళ సమక్షంలో ఉంటేనే పాలిమర్ క్లే జోలికి వెళ్ళండి. కుక్కర్లో ఆవిరి 120 డిగ్రీల దాకా వెళ్తుందని చదివినవాళ్ళు "మరి అది సరిపోతుందిగా" అని వాదించవచ్చు. లెక్క ఒప్పే కాని, రేపు అందులోనే పప్పు ఉడకాలి. ఆ ఒక్క కారణం చాలు.

ప్లాస్టిసైజర్ విషయంలోనూ కొంత తెలుసుకోవాలి. ఒకప్పుడు ఇందుకు ఎక్కువగా థాలేట్లు అనే రసాయనాలను వాడేవారు. అవి ప్లాస్టిక్కులో కట్టుబడి ఉండవు, మెల్లగా బయటికి జారుతుంటాయి. వాటిలో కొన్ని శరీరంలోని హార్మోన్ల పనికి అడ్డం పడతాయని తేలాక, యూరప్ దేశాలు 1999లో చంటిపిల్లలు నోట్లో పెట్టుకునే ఆటవస్తువుల్లో వాటిని తాత్కాలికంగా ఆపాయి. 2005లో దాన్ని శాశ్వత చట్టం చేశాయి. అమెరికా 2008లో అదే దారి పట్టింది. పేరున్న కంపెనీలు ఆ రసాయనాలను మానుకున్నాయి. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి పిల్లల ఆటవస్తువులకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. జాతరలో, సంతలో పేరూ ఊరూ లేని పొట్లం చౌకగా దొరికితే దాన్ని అక్కడే వదిలేయడం మంచిది.

"మరైతే మేం ఏం చేయాలి సార్, ఆట మానేయాలా?" అని మీరు అడుగుతారు. అక్కర్లేదు. మన దగ్గర అంతకన్నా పాత ముద్ద ఒకటి ఉంది. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్ళు తెల్లపొణికి కర్రతో చెక్కిన చేతులు, కాళ్ళు, తలపాగాలను అతకడానికీ, వంపులు తీర్చడానికీ చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దను వాడతారు. దాన్ని మక్కు అంటారు. మన తెలంగాణలో నిర్మల్ కళాకారులూ పొణికి కర్ర మీద చింతగింజల ముద్దనే పూస్తారు. నిర్మల్ వాళ్ళు చేసే కొయ్య పండ్లు, కూరగాయలు చూశారా? వంకాయ, సీతాఫలం బుట్టలో పెట్టి ఇస్తే నిజమైనవనుకుని కూర తరగడానికి కత్తిపీట వెతుక్కుంటాం. చిట్టి తినుబండారాలకు మనకున్న దగ్గరి చుట్టం ఈ నిర్మల్ బుట్టే.

ఇప్పుడు చిత్రం చూడండి. చింతగింజ పప్పులో ఉండేది జైలోగ్లూకాన్ అనే పదార్థం. చక్కెర అణువులు వందలూ వేలూ బంతిపూల దండలా గుచ్చుకుని ఏర్పడిన గొలుసు అది. చిన్న అణువులు గొలుసుగా కలిసినదాన్నే పాలిమర్ అంటాం. రంపపు పొట్టులో ఉండే సెల్యులోజు కూడా పాలిమరే. కాబట్టి మక్కు అచ్చమైన పాలిమర్ ముద్ద! కొన్న పొట్లం కన్నా ఆ పేరుకు దీనికే ఎక్కువ హక్కు ఉందని నేను అంటాను. నేతగాళ్ళు చింతగింజల గంజిని పడుగు నూలుకు పట్టించినా, మన తాతలు పతంగులకు కాగితాలు అంటించినా ఆ గొలుసుల జిగటను నమ్ముకునే.

మక్కు చేయడం కష్టం కాదు. గుప్పెడు చింతగింజలను వేయించి, పైపొట్టు తీసి, పప్పును రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బండి. నీళ్ళు పోసి సన్నని మంట మీద కలుపుతూ ఉడికిస్తే చిక్కని జిగురు వస్తుంది. మీ ఊరి వడ్రంగి దగ్గర దొరికే సన్నని పొట్టును జల్లెడ పట్టి, చల్లారిన జిగురులో కొద్దికొద్దిగా కలుపుతూ చపాతీ పిండిలా పిసకండి. గారెలు, అరిసెలు, సకినాలు దీనితో బాగా కుదురుతాయి. దాని సహజమైన రంగే నూనెలో వేగిన రంగులా ఉంటుంది. నీడలో ఆరబెట్టాలి, ఎండలో పెడితే నెర్రెలిస్తుంది. వానాకాలంలో చేస్తే బూజు పడుతుంది. పడితే పారేసే ముందు చేత్తో ముట్టకుండా భూతద్దం పెట్టి చూడండి, జీవశాస్త్రం పాఠం ఉచితంగా వస్తుంది.

ఇడ్లీకి మాత్రం మక్కు పనికిరాదు. దానికి మొక్కజొన్న పిండి, వడ్రంగులు వాడే తెల్ల జిగురు సమానంగా కలిపి, నాలుగు చుక్కల నూనె వేసి పిసికిన ముద్ద మంచిది. ఆ జిగురు పాలీవినైల్ అసిటేట్, పిండిలో ఉండేది స్టార్చి, రెండూ పాలిమర్లే. ఇది పొయ్యి లేకుండా గాలికే ఆరుతుంది. ఆరాక కొంచెం కాంతిని లోపలికి పోనిస్తుంది. అసలు రహస్యం అక్కడే ఉంది. సున్నంలా బొత్తిగా కాంతి దూరని తెలుపు వేస్తే ఇడ్లీ సుద్దముక్కలా కనిపిస్తుంది. నిజమైన ఇడ్లీ వెనక టార్చి పెట్టి చూడండి, అంచులు వెలుగుతాయి. వెలుతురు లోపలికి పోయి, అక్కడ చెదిరి, బయటికి వస్తేనే కంటికి మెత్తదనం తోస్తుంది. జపానులో హోటళ్ళ ముందు అద్దాల పెట్టెల్లో పెట్టే నమూనా భోజనాల గొప్పతనమంతా ఇదే. ఇవాసాకి తకిజో అనే ఆయన 1932లో ఒసాకాలో ఆ నమూనాలను మైనంతో చేసి అమ్మడం వృత్తిగా పెట్టుకున్నాడు. మైనం వేసవిలో మెత్తబడేది, అందుకని తరువాతివాళ్ళు చాలావరకు పి.వి.సి.కి మారారు. వాళ్ళకు కర్మాగారాలున్నాయి, ఉష్ణోగ్రతను అదుపులో ఉంచే యంత్రాలున్నాయి. మనకు లేవు.

సిలికోన్ అచ్చుల గురించి రెండు మాటలు. అచ్చులో ఒత్తి తీసిన ఇడ్లీకి నేను మార్కులు వేయను. ఇడ్లీని పన్నెండో వంతుకు కుదించడం అంటే ఏమిటో చేతికి తెలియాలి. ప్రపంచమంతటా బొమ్మరిళ్ళు చేసేవాళ్ళు ఎక్కువగా అడుగును అంగుళం చేసే కొలతనే పాటిస్తారు, అంటే 1:12. ఎనిమిదిన్నర సెంటీమీటర్ల ఇడ్లీ ఏడు మిల్లీమీటర్లవుతుంది. పొడవు 12వ వంతు అయితే ఉపరితలం 144వ వంతు, ఘనపరిమాణం 1728వ వంతు అవుతాయి. 40 గ్రాముల ఇడ్లీ బరువు అదే పదార్థంతో చేస్తే 23 మిల్లీగ్రాములకు దిగిపోతుంది! ఘనపరిమాణంతో పోలిస్తే ఉపరితలం 12 రెట్లు ఎక్కువైంది కాబట్టి చిట్టి ఇడ్లీ చాలా త్వరగా ఆరుతుంది, అంచులు ముందే ఆరి పగులుతాయి. చిన్న చీమకు, చుంచుకు చలి ఎందుకు త్వరగా తగులుతుందో మీ పాఠంలో చదివింది ఇదే లెక్క. రెండు మిల్లీమీటర్ల మందం దోసె మిల్లీమీటరులో ఆరో వంతుకు రావాలి. అది దాదాపు మీ నోటుపుస్తకం కాగితాలు రెండు కలిపినంత మందం. ముద్దను అంత పల్చగా చేయలేరు, కాగితాన్నే దోసె చేయవలసి వస్తుంది.

ప్రదర్శనకు చేయదగిన పని ఇంకొకటి చెబుతాను. చెరువు మట్టి, మక్కు, జిగురు ముద్ద, ఈ మూడింటితో రెండేసి సెంటీమీటర్ల ఉండలు చేయండి. ప్రతి ఉండనూ రెండు అట్టపెట్టెల మధ్య ఇరికించి స్కేలుతో రోజూ ఒకే వేళకు కొలవండి. బరువు తూయడానికి బంగారం తూచే చిన్న త్రాసు ఎవరినైనా అడగండి. వారం రోజుల అంకెలను గ్రాఫు కాగితం మీద గీస్తే, ఏది ఎంత కుంచించుకుపోయిందో, ఎప్పుడు ఆగిందో ఇట్టే కనిపిస్తుంది. మక్కులో పసుపు కలిపి రంగు వేసినవాళ్ళు సగం బొమ్మను నల్లకాగితంతో కప్పి ఎండ తగిలే కిటికీలో ఉంచితే, పసుపు ఎందుకు కొన్నాళ్ళకే వెలిసిపోతుందో తెలుస్తుంది. దాని మీద సోడా నీళ్ళ చుక్క పడితే ఏమవుతుందో మీకు తెలిసిన ప్రయోగమే.

ఇంట్లో తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉంటే ఈ పని చేసేటప్పుడు చాలా జాగ్రత్త. నిజమైనట్టు కనిపించడమే మీ నైపుణ్యం, అదే వాళ్ళకు ముప్పు. తిండిలా కనిపించి తిండి కాని వస్తువులు పిల్లల గొంతులో ఇరుక్కునే భయంతో యూరప్ దేశాలు 1987లోనే వాటి మీద ప్రత్యేకంగా ఒక నిబంధన తెచ్చాయి. ఏడు మిల్లీమీటర్ల ఇడ్లీ ఏడాది పాప ముక్కులోకి కూడా పోతుంది. మూత బిగించే సీసాలో పెట్టి, అందని చోట ఉంచండి.

ఈ సంక్రాంతికి మీరు సకినాలు చేయండి. పది సెంటీమీటర్ల సకినం ఎనిమిది మిల్లీమీటర్లకు, చేత్తో తిప్పే పిండి తీగ అర మిల్లీమీటరుకు దిగుతాయి. మక్కును సూది తీసేసిన సిరంజిలోంచి నొక్కితే అలాంటి తీగ దాదాపుగా వస్తుంది. చిక్కు నువ్వుల దగ్గర వస్తుంది. మూడు మిల్లీమీటర్ల నువ్వుగింజ పావు మిల్లీమీటరు కావాలి. గసగసాలు వేద్దామంటే అవి ఒక్కొక్కటి మిల్లీమీటరు ఉంటాయి, చిట్టి సకినం మీద గులకరాళ్ళు పోసినట్టవుతుంది. మీరు ఏం వేశారో, ఎలా కొలిచారో ఒక కాగితం మీద రాసి పత్రికకు పంపండి.